అత్తయ్యది మతిమరుపా, నా మీద పంతమా? ఏ డాక్టరుకి చూపించాలి?

కోవూరు కోడలు | 2 జూన్ 2025, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పటినుంచో చదువుతున్నా, రాయడం ఇదే మొదలు. పెద్దదైతే క్షమించండి.

మా అత్తయ్యకి 71. పద్నాలుగేళ్ళుగా షుగరు, బీపీ కూడా ఉంది. మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఇంట్లో నేను, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే కొడుకు. ఒకటో తారీఖు ఆదివారం వచ్చిందని సచివాలయం వాళ్ళు శనివారం పొద్దున్నే వచ్చి పింఛను ఇచ్చిపోయారు. అత్తయ్యే వేలిముద్ర వేసింది. ఎనిమిది ఐదొందల నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. మధ్యాహ్నానికి అరుగు మీద కూర్చుని పక్కింటావిడతో "ఈ నెల పింఛను ఇంకా రాలేదమ్మే, మా కోడలు తీసి దాచుకుందో ఏందో" అంటోంది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇల్లంతా వెతికితే బియ్యం డ్రమ్ములో, పాత పాలపొడి డబ్బాలో దొరికాయి. చూపిస్తే "నువ్వే పెట్టి నువ్వే తీశావు" అంది.

ఇదొక్కటే అయితే పంతం అనుకునేదాన్ని. షుగరు మాత్రల స్ట్రిప్పు రోజుకొకటి చొప్పున పదిహేను రోజులు రావాలి. తొమ్మిదో రోజుకే ఖాళీ అయింది. బీపీ మాత్రల స్ట్రిప్పు మాత్రం చిల్లు కూడా పడకుండా అట్టే ఉంది. మొన్న తెల్లవారుజామున ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. మిషన్లో చూస్తే షుగరు 52. పంచదార నీళ్ళు పట్టించి 108కి ఫోన్ చేశాం. ఈ ఆరు నెలల్లో ఇట్టా ఆసుపత్రికి పరిగెత్తడం ఇది మూడోసారి. ఒకసారి గ్యాస్ అన్నారు, ఒకసారి బాత్రూమ్‌లో పడింది, ఇప్పుడిది.

ప్రతి నెలా షుగరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. "ఎట్టుండావమ్మా?" "బాగుండా నాయనా." నంబరు చూసి చీటీ రాస్తారు, మూడు నిమిషాల్లో బయటికొచ్చేస్తాం. పోయిన నెల నేను మతిమరుపు మాట ఎత్తబోతే బల్ల కింద అత్తయ్య నా కాలు తొక్కింది. నిజంగానే తొక్కింది! ఇక నోరెత్తలేదు.

మా ఆయనకి చెబితే "డెబ్భై దాటినాక మరుపు రాకుండా ఏమొస్తది? మా అమ్మ మీద చాడీలు చెప్పొద్దు" అన్నాడు. ఇది వయసేనా? జబ్బా? జబ్బయితే ఎవరి దగ్గరికి పోవాలి? న్యూరాలజీకా, సైకియాట్రీకా, ఇంకెక్కడికైనానా?


సింగరాయకొండ చిన్నోడు | 2 జూన్, రాత్రి 11:05

అక్కా, టైం వేస్ట్ చేయొద్దు. పొద్దున పినాకిని రైలు ఎక్కించి చెన్నై తీసుకుపోండి. తలకి ఎంఆర్ఐ తీస్తే అన్నీ బయటపడతాయి. మా పెదనాన్నకి అట్టాగే చేశాం.


ఉలవపాడు మామిడి | 2 జూన్, రాత్రి 11:20

ఏ ఇంట్లో అయినా ఇదే కథ. అత్తకి కోడలు దొంగ, కోడలికి అత్త పిచ్చిది. ఆ డబ్బుల జోలికి మీరు పోకుండా ఉంటే సగం గొడవ తీరుతుంది.


కోవూరు కోడలు | 2 జూన్, రాత్రి 11:31

@ఉలవపాడు మామిడి, జోలికి పోకపోతే బియ్యంతోపాటు ఆ నోట్లు కూడా ఎసట్లో పడేవి అన్నా.


మందుల చీటీ (కనిగిరి) | 3 జూన్, ఉదయం 7:15

అమ్మా, నేను ఇరవై రెండేళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాను. మతిమరుపు మొదట కనపడేది ఇంట్లో వాళ్ళకి కాదు, మాకు. నెలకోసారి వచ్చే పెద్దాయన పదిహేను రోజులకే మళ్ళీ వస్తాడు. లేకపోతే మూడు నెలలు కనపడడు. ఇచ్చిన చిల్లరే మళ్ళీ అడుగుతాడు. మేము నవ్వి ఊరుకుంటాం, అదీ మా తప్పే.

ఒక మాట అడుగుతాను. అత్తమ్మకి నిద్రమాత్ర ఏదైనా ఉందా? అల్ప్రజోలం లాంటిది? ఎప్పుడో ఒక డాక్టరు పది రోజులకి రాసిన చీటీ పట్టుకుని పదేళ్ళు కొనేవాళ్ళు నాకు తెలుసు. జలుబుకి వాడే పాత రకం మాత్రలు, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, ఇవన్నీ ముసలి తలకాయని మబ్బు పట్టిస్తాయి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, ఆయింట్‌మెంటుతో సహా, ఒక సంచిలో వేసుకుని డాక్టరు బల్ల మీద కుమ్మరించండి. ఒక్కొక్క పేరూ చెప్పక్కర్లేదు.

వెంటనే మానిపించొద్దు సుమా. నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు.


ఓపీ నంబర్ 43 (ఒంగోలు, జనరల్ ఫిజీషియన్) | 3 జూన్, మధ్యాహ్నం 2:10

కనిగిరి అన్న చెప్పింది అక్షరాలా నిజం. నేను కొంచెం పొడిగిస్తాను.

ముందు తొందర విషయం. షుగరు 52కి పడింది, స్ట్రిప్పు తొమ్మిది రోజులకే ఖాళీ అయింది. అంటే వేసుకున్న సంగతి మరిచి మళ్ళీ వేసుకుంటున్నారు. గ్లిమిపిరైడ్ రకం మాత్ర అయితే ఇది ప్రాణాల మీదికి వస్తుంది. ఇవాళ్టి నుంచి మాత్రల డబ్బా మీ బీరువాలో ఉండాలి. ఏ పూట మాత్ర ఆ పూట మీరే చేతికివ్వండి. పైగా షుగరు పదే పదే పడిపోతే మతి ఇంకా దెబ్బతింటుంది. మతి తప్పితే మాత్ర తప్పుతుంది, మాత్ర తప్పితే మతి తప్పుతుంది, గానుగెద్దులాగా తిరుగుతుందిది.

రెండోది, "వయసు" అన్న మాట. మన దేశంలో 60 దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉందని అంచనా, దాదాపు 88 లక్షల మంది. అంటే మిగతా తొంభై పైచిలుకు మందికి లేదనేగా. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మరవడం వయసు. వేలిముద్ర వేసి డబ్బు లెక్కపెట్టుకున్న సంగతే మొత్తంగా చెరిగిపోవడం వయసు కాదు. చూపించాల్సిందే.

అట్లాగని డిమెన్షియాలో ఎక్కువగా కనపడే రకం అల్జీమర్స్ అని నేను ఇక్కడ కూర్చుని చెప్పను. సరిచేయగలిగిన కారణాలు ఉంటాయి. షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గుతుంది. గ్యాస్‌కని రోజూ పాంటోప్రజోల్ మింగినా తగ్గుతుంది. థైరాయిడ్ తగ్గినా మతి మందగిస్తుంది. బీపీకి నీటిమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వాడుతుంటే సోడియం పడిపోతుంది, అందులో ఇప్పుడు రోహిణి కార్తె. బాత్రూమ్‌లో పడ్డారన్నారు చూడండి, అది ముఖ్యం. పైకి దెబ్బ కనపడకపోయినా పుర్రె లోపల నెమ్మదిగా రక్తం చేరి, వారాల తర్వాత మనిషి మబ్బుగా మారడం నేను చూశాను. సీటీ స్కాన్‌లో అది తెలిసిపోతుంది.

ఎంఆర్ఐతో మొదలుపెట్టొద్దు తమ్ముడూ. జబ్బు పేరు స్కాన్ ఒక్కటే చెప్పదు. కథ వినాలి, మతి పరీక్ష చేయాలి, రక్త పరీక్ష చూడాలి, ఆ తర్వాతే స్కాన్. ఎవరి దగ్గరికి అంటే, ముందు మీరు నెలనెలా వెళ్ళే ఆ డాక్టరుకే చెప్పండి. ఆయన రాసిచ్చిన ఉత్తరంతో నెల్లూరులోనే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళొచ్చు, పెద్దాసుపత్రి ఓపీకైనా వెళ్ళొచ్చు. సైకియాట్రిస్టు కూడా చూస్తారు, తప్పేం లేదు.

కాలు తొక్కుతారు కాబట్టి ఒక చిట్కా. ఏం జరిగిందో, ఏ తారీఖున జరిగిందో నాలుగు ముక్కలు కాగితం మీద రాసి, లోపలికి పోకముందే నర్సు చేతికిచ్చి "డాక్టరు గారు ఇది ముందు చూడాలి" అనండి. "మతిమరుపు ఎక్కువైంది" అని రాయకండి, అది మేం రోజుకి ఇరవైసార్లు వింటాం. పింఛను సంగతి, స్ట్రిప్పు సంగతి, 52 సంగతి, ఈ మూడూ రాయండి చాలు.

మా వైపు లోపం కూడా ఒప్పుకుంటాను. ఓపీలో నా ముందు ఎనభై మంది ఉంటారు. "బాగుండా నాయనా" అంటే నాకూ ప్రాణం హాయిగా ఉంటుంది.


తలనెరిసిన మాష్టారు | 3 జూన్, రాత్రి 9:50

నా వయసు 73. కావలి దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. అమ్మా కోవూరు కోడలా, మీ అత్తగారు కాలెందుకు తొక్కిందో నేను చెబుతాను.

కిందటేడాది దసరా తర్వాత ఒకరోజు ట్రంకు రోడ్డులో పని చూసుకుని బయటికొచ్చాను. స్కూటరు ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోతే అందరికీ జరిగేదే. స్కూటరు మీద వచ్చానా, బస్సులో వచ్చానా అన్నదే తెలియలేదు. మందుల షాపు మెట్ల మీద అరగంట కూర్చున్నాను. చొక్కా తడిసిపోయింది. జేబులో తాళంచెవి చేతికి తగిలాక ప్రాణం లేచొచ్చింది.

ఆ రోజు నుంచి ఏడు నెలల్లో తొమ్మిదిసార్లు ఆసుపత్రులకి వెళ్ళాను. గుండె దడ అంటే ఈసీజీ తీశారు. తల తిరుగుతోందంటే మెడకి ఎక్సరే. కళ్ళు మసక అంటే అద్దాలు మార్చారు. నిద్ర లేదంటే మాత్ర. కడుపుబ్బరం అంటే ఇంకో మాత్ర. ప్రతిసారీ కుర్చీలో కూర్చునేదాకా అనుకునేవాణ్ణి, ఇవాళ చెప్పేద్దాం "నాకు మతి తప్పుతోందేమో చూడండి" అని. తొమ్మిదిసార్లలో ఒక్కసారి కూడా ఆ మాట నోట రాలేదు. మిగతావన్నీ వచ్చాయి.

ఎందుకంటే ఆ మాట చీటీ మీద పడ్డ మర్నాడు స్కూటరు తాళం పోతుంది. ఏటీఎం కార్డు పోతుంది. అమ్మాయి వచ్చి బెంగళూరు తీసుకుపోతుంది. అక్కడ పదకొండో అంతస్తు. మా ఆవిడ పోయి ఏడాదిన్నర అయింది, ఈ ఇంట్లో ఆమె పెట్టిన గన్నేరు చెట్టుంది.

ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా పేరు మీకు తెలియదు కాబట్టి రాశాను.


ఓపీ నంబర్ 43 | 3 జూన్, రాత్రి 10:30

మాష్టారూ, తొమ్మిదిసార్లూ మీరు చెప్పాలనుకుంది ఒక్కటే. ఆ చీటీలు రాసినవాళ్ళలో నాలాంటి వాళ్ళు ఎందరున్నారో అనుకుంటే సిగ్గుగా ఉంది.

మీరు ఆ రోజుని చొక్కా తడిసిన సంగతితో సహా చెబుతున్నారు. జబ్బు బాగా ముదిరినవాళ్ళకి సాధారణంగా తమ మరుపు తమకి తెలియదు, ఇంట్లోవాళ్ళు తీసుకొస్తారు. అంతమాత్రాన ఏమీ లేదని నేను హామీ ఇవ్వను. దిగులు, నిద్రలేమి, వినికిడి తగ్గడం, ఈ మూడూ మతిమరుపు వేషం వేసుకుని వస్తాయి. చెవులు ఎట్లా ఉన్నాయి? టీవీ సౌండు ఎంతలో పెడతారు?


తలనెరిసిన మాష్టారు | 3 జూన్, రాత్రి 10:44

పక్కింటివాళ్ళకి వినపడేంత.


గడపగడప | 4 జూన్, ఉదయం 6:20

నేను ఆశా కార్యకర్తని. ముప్ఫై దాటిన అందరికీ బీపీ, షుగరు, క్యాన్సర్ల గురించి మేము నింపే ఫారం ఒకటుంది. అరవై దాటినవాళ్ళకి అందులో విడిగా ప్రశ్నలుంటాయి. వాటిలో ఒకటి, ఇంట్లోవాళ్ళ పేర్లు, సొంత ఇంటి అడ్రసు మరిచిపోతుంటారా అని. ఈ ప్రశ్న అడగ్గానే అరవై ఏళ్ళావిడ కాదు, ఆమె కొడుకో కోడలో "లేదు లేదు, మా అమ్మ బాగుంది" అంటారు. ఒకింట్లో అయితే "మా అమ్మని పిచ్చిదని రాసుకుంటావా" అని వాకిట్లోనే తలుపేశారు. పిచ్చి అన్న మాట నేను అననే లేదు.

ఇప్పుడు ఆ ప్రశ్న అట్టా చదవడం మానేశాను. పెద్దావిడ పక్కన కూర్చుని మనవడి పేరేంది, ఏం చదువుతున్నాడు, మీ అమ్మగారి ఊరెక్కడ అని కబుర్లలో పెడతాను. పాతవి గలగలా చెబుతారు. పొద్దున ఏం కూర తిన్నావమ్మా అంటే "ఏదో తిన్నాలే" అంటారు. ఆ "ఏదో"ల దగ్గర నేను ఆగుతాను. పీహెచ్‌సీ మేడంకి చెబితే చూస్తారు.


పల్లె వైద్యం | 4 జూన్, ఉదయం 8:00

సరస్వతాకు రసం, ఆవు నెయ్యి నలభై ఒక్క రోజులు పరగడుపున. ఇంగ్లీషు మందులన్నీ ఆపేయాలి. వాట్సప్‌లో వీడియో పంపగలను.


మందుల చీటీ (కనిగిరి) | 4 జూన్, ఉదయం 8:12

సరస్వతాకు పచ్చడి చేసుకుని వేడన్నంలో తినండి, బాగుంటుంది. షుగరు, బీపీ మందులు ఆపమని మాత్రం ఇక్కడ రాయకండి. అవి ఆపి పక్షవాతంతో వచ్చినవాళ్ళని మా షాపు ముందు నుంచే అంబులెన్సుల్లో తీసుకుపోతుంటారు.


నిప్పుల గొట్టం (టంగుటూరు) | 5 జూన్, రాత్రి 1:35

నిద్ర పట్టక రాస్తున్నా. మా నాయనకి 78. నాలుగేళ్ళ నుంచీ ఈ జబ్బు. మా వైపు పొగాకు తెలుసు కదా. ఆకు క్యూరింగుకి పెట్టినప్పుడు రాత్రింబవళ్ళు బ్యారన్ (ఆకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం) దగ్గర మనిషుండాలి. వేడి ఎక్కువైనా తప్పే, తగ్గినా తప్పే, సంవత్సరం కష్టం ఒక్క రాత్రిలో నల్లబడిపోద్ది. మా నాయన ముప్ఫై ఏళ్ళు అట్టా నిద్ర మేల్కొన్నాడు. మా బ్యారన్ కూల్చేసి ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు ఆ జాగాలో మా చిన్నాయన ఇల్లుంది.

రాత్రి రెండు కొట్టగానే లేస్తాడు. "వేడి పడిపోయిందిరా, కట్టెలెయ్యండిరా" అని గేటు తీయబోతాడు. మొదటి ఏడాది అంతా మేము పోట్లాడాం. "బ్యారన్ లేదు నాయనా, కూల్చేశాం" అంటే, ప్రతి రాత్రీ ఆయనకి అదే మొదటిసారి తెలిసినట్టు ఏడ్చేవాడు. గాలి సోకిందని తాయెత్తు కట్టించాం. నలుగురు డాక్టర్లు మారారు. ఒక పేరున్న ఆసుపత్రిలో నిద్రకి సూది వేస్తే రెండు రోజులు లేవలేదు, లేచాక నన్ను గుర్తుపట్టలేదు. అయిదో డాక్టరు పెద్దగా మందులేమీ కలపలేదు. "ఆయనతో వాదించొద్దు, చేయాలనుకున్న పని పూర్తయిందని ఆయనకి చెప్పండి" అన్నాడు.

పాత థర్మామీటరు ఒకటి వసారాలో మేకుకి తగిలించాను. లేవగానే టార్చి పట్టుకుని చూపిస్తా. "చూడు నాయనా, వేడి సరిపోయింది. నేనుంటాలే, నువ్వు పడుకో." ఒక నిమిషం తేరిపార చూస్తాడు. "ఊఁ, ఆకు బాగా పండింది" అని పోయి పడుకుంటాడు.

ఒకసారి నేను లేనప్పుడు హైవే ఎక్కేశాడు. లారీ డ్రైవరొకాయన దింపిపోయాడు, ఆయన ఎవరో కూడా తెలీదు. అప్పటి నుంచి చొక్కా కాలరు లోపల ఫోన్ నంబరు కుట్టించాం. ఇంట్లో పెద్దాళ్ళుంటే ఆ పని ఇవాళే చేయండి, డాక్టరు పేరు పెట్టేదాకా ఆగొద్దు.


నిజం నిష్ఠూరం | 5 జూన్, ఉదయం 9:10

అందరూ మందుల గురించే మాట్లాడుతున్నారు. సంతకం పెట్టగలిగినప్పుడే పొలం, ఇల్లు రాయించుకోండి. తర్వాత వేలిముద్ర కూడా పనికిరాదు.


ఉలవపాడు మామిడి | 5 జూన్, ఉదయం 9:25

వచ్చాడండీ గద్ద. మతి నిలవని స్థితిలో రాయించుకున్న దస్తావేజు కోర్టులో నిలవదు, 1872 కాంట్రాక్టు చట్టంలోనే ఉంది ఆ సంగతి. చూసుకుంటామని రాయించుకుని గాలికొదిలేస్తే 2007 నాటి పెద్దల చట్టం కింద వెనక్కి తీసుకోవచ్చు కూడా.

కోవూరు అక్కా, మొన్న నేను వెటకారంగా రాశాను. టంగుటూరు అన్నది చదివాక బాధేసింది. ఏమనుకోవద్దు.


నిర్వాహకుడు | 5 జూన్, ఉదయం 9:40

ఆస్తి తగాదాలకి వేరే చోటుంది. ఇక్కడ ఆపండి. పెద్దవాళ్ళ సమస్యలకి కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14567, దిగులుగా ఉన్నవాళ్ళు మాట్లాడుకోవడానికి టెలీమానస్ 14416. చూసుకుంటున్న మీలాంటివాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు.


కోవూరు కోడలు | 21 జూన్, రాత్రి 10:15

నిన్న నెల్లూరు వెళ్ళొచ్చాం. అందరికీ చెప్పాలని కూర్చున్నా.

చీటీ చిట్కా పనిచేసింది. షుగరు డాక్టరు కాగితం చదివి, అత్తయ్యతో ఏమీ అనకుండా గ్లిమిపిరైడ్ తీసేసి వేరే మాత్ర రాశారు, రక్త పరీక్షలకి పంపారు, న్యూరాలజిస్టుకి ఉత్తరం ఇచ్చారు. "ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు" అని నన్నే అడిగారు. బల్ల కిందకి చూసి ఊరుకున్నా.

నెల్లూరులో ఆసుపత్రులుండే పేట పొగతోటలో, న్యూరాలజిస్టు దగ్గర రెండు గంటలు కూర్చోబెట్టారు. ముందు ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి ప్రశ్నల కాగితం తీసింది. మొత్తం ముప్ఫై మార్కులట.

"ఇవాళ తారీఖెంతమ్మా?" అంటే అత్తయ్య "నవమి" అంది. "నెల?" "జ్యేష్ఠం. ఏరువాక పున్నమి పోయి తొమ్మిది రోజులు." ఆ అమ్మాయి సున్నా వేయబోయింది. పెద్ద డాక్టరు వెనక నుంచి చూసి, గోడ మీద క్యాలెండరు దగ్గరికి పోయి, "కరెక్టే, పూర్తి మార్కులు వేయి" అన్నారు. వందలోంచి ఏడు తీసేయమంటే బిత్తరపోయింది. అత్తయ్య మూడో తరగతి. "వంద నోటిచ్చి ఏడు రూపాయల కొత్తిమీర కొన్నావు" అని అడిగితే 93 అంది. మళ్ళీ ఏడుకి కొంటే 86. మళ్ళీ కొంటే 79. నాలుగోసారి "ఇంత కొత్తిమీర ఎవరికి నాయనా" అంది. అందరం నవ్వాం.

ఆ నవ్వు ఎక్కువసేపు లేదు. అంతకుముందు మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. అడిగితే ఒక్కటీ రాలేదు. మాటలు గుర్తులేకపోవడం కాదు, "ఏం మాటలు? నాకెవరూ ఏం చెప్పలేదే" అంది. గడియారం బొమ్మ గీయమంటే గుండ్రం చక్కగా గీసి, పన్నెండు అంకెలూ కుడివైపే ఇరికించింది. తర్వాత పెన్సిలు కింద పెట్టి నా మొహం వంక చూసింది. పెళ్ళయిన పదహారేళ్ళలో అత్తయ్య నా వంక అట్టా చూడటం అదే మొదటిసారి. చూపు చెప్పమంటే రాయలేను.

ఫలితాలు. బీ12 140, ఉండాల్సిందానికన్నా బాగా తక్కువట. థైరాయిడ్ బాగుంది. సీటీలో రక్తం చేరలేదు గానీ ఎప్పటివో చిన్న చిన్న మచ్చలున్నాయి, అవి బీపీ మాత్ర మింగకపోవడం వల్ల వచ్చిన చిన్న స్ట్రోకులు కావచ్చన్నారు. నిద్రమాత్ర ఉంది అన్నా! అల్ప్రజోలం, ఏడేళ్ళుగా, దిండు గలీబులో. కొద్దికొద్దిగా తగ్గించి మాన్పిస్తామన్నారు. బీ12 సూదులు మొదలుపెట్టారు. ఆరు వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేసి అప్పుడు మతి మాత్ర సంగతి చూస్తామన్నారు. "కొంత తిరిగొస్తుంది, అంతా రాకపోవచ్చు" అన్నారు. ఫీజు, పరీక్షలు, స్కాన్ అన్నీ కలిపి 6,800 అయింది.

స్పీకరులో మా ఆయన అంతా విన్నాడు. చివర్లో "గడియారం బొమ్మ ఫోటో పంపు" అన్నాడు. పంపాను. మళ్ళీ చాడీల మాట ఎత్తలేదు.


సింగరాయకొండ చిన్నోడు | 21 జూన్, రాత్రి 10:40

కేంద్రం 70 దాటినవాళ్ళకి 5 లక్షల కార్డు ఇస్తోంది కదా అక్కా, ఆ 6,800 అందులో రాదా?


ఓపీ నంబర్ 43 | 22 జూన్, ఉదయం 7:00

రాదు తమ్ముడూ. 2024 అక్టోబరులో మొదలైన ఆ పథకం ఆసుపత్రిలో చేరితేనే. ఈ జబ్బుకి అయ్యే ఖర్చంతా ఓపీ చీటీలు, నెలనెలా మాత్రలు, ఇంట్లో ఒక మనిషి పని మానేసి కూర్చోవడం. అది ఏ కార్డులోనూ లేదు.

కోవూరు అమ్మా, తిథి చెబితే పూర్తి మార్కులు వేసిన ఆ డాక్టరుకి నా నమస్కారం చెప్పండి. ఈ పరీక్షలు చదువుకున్న దొరల కోసం పుట్టినవి. అక్షరం రాని మన పెద్దల కోసం మార్చిన పరీక్షలూ ఉన్నాయి, హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో తెలుగులో చేస్తారు. అదే నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి చెప్పారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి ఈ జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందట, చదువు రానివాళ్ళలో కూడా.


ఉలవపాడు మామిడి | 22 జూన్, ఉదయం 7:30

అట్టయితే నెల్లూరోళ్ళు అదృష్టవంతులు. సగం మందికి అరవం వచ్చు. మా ప్రకాశంవాళ్ళ గతేంది?


తలనెరిసిన మాష్టారు | 9 జులై, సాయంత్రం 5:20

పదోసారి వెళ్ళాను. ఈసారి కుర్చీలో కూర్చోగానే, పేరు చెప్పకముందే, "డాక్టరు గారూ, నాకు మతి తప్పుతోందేమోనని భయంగా ఉంది" అనేశాను. ఆయన పెన్ను కింద పెట్టాడు. తొమ్మిది చీటీలకి ఎవరూ పెన్ను కింద పెట్టలేదు.

ముప్ఫైకి 27 వచ్చాయి. వందలోంచి ఏడేసి తీయమన్నారు. రెండు దాకా వచ్చి మైనస్ అయిదు అనబోతే "చాలు మాష్టారూ" అన్నారు. చెవి పరీక్షలో రెండు చెవులూ బాగా తగ్గాయి. వినపడని మాట గుర్తెట్లా ఉంటుంది అన్నారు, అది నాకెప్పుడూ తట్టలేదు. దిగులుకి మందిచ్చారు. ఏడాది తర్వాత మళ్ళీ రమ్మన్నారు. అసలేమీ లేదని తేల్చి చెప్పలేదు, చెప్పమని నేనూ అడగలేదు.

అమ్మాయికి చెప్పాను. ఏడ్చింది. స్కూటరు తాళం అడగలేదు. చెవి మిషన్ పెట్టుకున్నాక గన్నేరు చెట్టు మీద పిచ్చుకలున్నాయని తెలిసింది.


గడపగడప | 9 జులై, రాత్రి 8:05

మాష్టారూ, మా ఊరికి రండి, నా ఫారంలో ఆ ప్రశ్న మీరే అడుగుదురుగానీ.


కోవూరు కోడలు | 2 ఆగస్టు, రాత్రి 9:30

నిన్న న్యూరాలజిస్టు దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. మనిషి కొంత తేరుకుంది. పగటి మత్తు పోయింది, పేర్లు తడుముకోవడం తగ్గింది, షుగరు మళ్ళీ పడలేదు. మాత్రలకి ఏడు రోజుల గళ్ళ డబ్బా కొన్నాను, దానికి తాళం మా వాడి దగ్గరుంటుంది. బామ్మ వాడి మాట వింటుంది. మార్కులు మాత్రం మూడే పెరిగాయి. అప్పుడన్న మతి మాత్ర, డోనెపెజిల్ 5, మొదలుపెట్టారు. జబ్బు తగ్గదు, జారడం కొంచెం నెమ్మదిస్తుందేమో చూద్దాం అన్నారు. నాడి తక్కువ కొట్టుకున్నా, వాంతులైనా చెప్పమన్నారు.

నిన్న పొద్దున్నే పింఛను వచ్చింది. టంగుటూరు అన్న చెప్పినట్టు ఈసారి నేను వాదించదలచుకోలేదు. లెక్కపెట్టుకోగానే ఫోటో తీసి, క్యాలెండరు మీద ఒకటో తారీఖు గడిలో అత్తయ్య చేతే టిక్కు పెట్టించా. సాయంత్రం నాలుగింటికి నన్ను లోపలికి పిలిచింది. తలుపు దగ్గరికేసి, కొంగు ముడి విప్పి ఎనిమిది నోట్లూ నా చేతిలో పెట్టింది. "నీ దగ్గర దాచిపెట్టమ్మా. మా కోడలికి కనపడనియ్యమాక" అంది.

అట్టాగే అన్నాను.


మందుల చీటీ (కనిగిరి) | 2 ఆగస్టు, రాత్రి 9:52

అమ్మా...


నిప్పుల గొట్టం (టంగుటూరు) | 3 ఆగస్టు, రాత్రి 2:20

ఆ గళ్ళ డబ్బా ఎక్కడ దొరికింది అక్కా? తాళం ఉన్నది మాకూ కావాలి.


కోవూరు కోడలు | 3 ఆగస్టు, ఉదయం 6:10

పొగతోటలో మందుల షాపుల్లోనే, 120 రూపాయలు. తాళం దాంతో రాదు అన్నా. మూతకి చిల్లు పొడిచి మా వాడి సైకిలు తాళం వేశాం.